రాణిగంజ్ మిషనూ నడిమి గోడా

బన్సీలాల్‌పేట్, సికింద్రాబాదు
2005 ఏప్రిల్ 3

పెద్దనాన్నా,

మీ లోవలక్ష్మి నమస్కారాలు. ఫోనులో మీకు వినపడదు కాబట్టి ఉత్తరం రాసే అదృష్టం నాకు దక్కింది. మా క్లాసులో ఇంకెవరికీ ఈ భాగ్యం లేదు. అందరూ సెల్‌ఫోన్లలో మెసేజీలు కొట్టుకుంటారు. వాటిలో ఏ మాటా పూర్తిగా ఉండదు.

డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు బాగా రాశాను. ఈ సెలవుల్లో రోజూ కొత్త మాటలు పోగేయాలని నియమం పెట్టుకున్నాను. నిన్నటి మాట "సుత". ఎదురింటి జంగయ్య బాబాయి "నేను సుత వస్త" అంటాడు కదా, చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నిన్న మొదటిసారి నేనే పైకి అని చూశాను. మన "కూడా" కన్నా రుచిగా ఉంది. తునిలో జీడిపిక్కలు ఒలిచేవాళ్లు వాడే మాటలేమైనా ఉంటే రాసి పంపండి. అమ్మకు ఈ పిచ్చి అర్థం కావడం లేదు. "మాటలు పోగేస్తే ఉద్యోగం వస్తుందా? ఆ కంప్యూటర్ కోర్సులో చేరు" అంటుంది.

కంప్యూటర్ అంటే గుర్తొచ్చింది. ఇంట్లో పెద్ద కబురు ఉంది. ఫ్యాక్టరీ మూసేసి, వీఆరెస్ ఇచ్చి పంపేశాక నాన్న ఎలా ఉన్నారో మీరు చూశారు. పొద్దున్నే బూట్లు తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లకుండా వీధి అరుగు మీద కూర్చునేవారు. ఇప్పుడు లేచి తిరుగుతున్నారు! రాణిగంజ్ వెళ్లి బ్రేకర్ మిషన్ కొనుక్కొచ్చారు. గోడలు పగలగొట్టే కరెంటు మిషన్. నేనూ వెంట వెళ్లాను. కొట్టు నిండా ఆకుపచ్చ మిషన్లే, ఒక్కదాని మీదా కంపెనీ పేరు లేదు. పేరున్నది కూడా ఒకటుంది గానీ దాని ధర విన్నాక నాన్న అటు తిరగలేదు.

"పని రెండిటిదీ ఒక్కటే సాబ్. గా ఎక్కువ పైసలు పేరుకే" అన్నాడు కొట్టతను.

"మరి గ్యారంటీ?"

"నా దుకాణం ఈడనే ఉంటది గద సాబ్. యాడికి పోత?"

నాన్న నవ్వారు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది. ఆటోలో మిషన్‌ను ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చారు. పెరట్లో చిట్లిపోయిన చాకిరేవు బండ మీద ఉలి పెట్టి మీట నొక్కేసరికి ఇల్లంతా గడగడలాడింది. జంగయ్య బాబాయి పరుగున వచ్చి, "ఏందీ రాజబాబన్నా, భూకంపమనుకుని మా ఇంటిది బయటికి ఉరికింది!" అన్నాడు. బండ మాత్రం బెల్లం అచ్చులా విరిగింది.

సంగతేమిటంటే, అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ నడిపే సదాశివ గారు మన వైపు కూడా ఒక సెంటర్ తెరుస్తారట. ఒకే పెద్ద హాలు ఉంటే మన ఇల్లే తీసుకుంటానన్నారు. కూలీలందరూ మాదాపూర్ అద్దాల మేడల పనికి పోయారు, ఇటు ఎవరూ రావడం లేదు. అందుకే నాన్న స్వయంగా పూనుకున్నారు. నడిమి గోడ తీసేస్తే మీ ముందు గదీ మా వెనక గదీ కలిసి హాలైపోతాయి. మేం వెనక రేకుల వసారాలో సర్దుకుంటాం. మీ మంచం, పెట్టె కూడా అక్కడికే మార్చేశాం.

మాటల కోసం ఎదురుచూస్తూ,
మీ లోవ


తుని
ఏప్రిల్ 9

లోవమ్మా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. మాటల గురించి రాసేవు, మిషన్ గురించి రాసేవు, జంగయ్య పెళ్లాం బయటికి ఉరకడం గురించి రాసేవు. నా మంచం సంగతి ఆఖరి లైనులో రాసేవు.

నన్నడక్కుండా నా మంచం వసారాలోకి మార్చేరు. మంచిదే. ముందు గది నా జీతంతో కట్టేను. వెనక గది మీ నాన్నకి ఉద్యోగం వచ్చేక కట్టేం. నేనున్నంత కాలం ముందు గది నాదని మీ నానమ్మ ఎదురుగా అనుకున్నాం. ఏడాదికి ఒకసారి వస్తాను, పది రోజులుంటాను, నిజమే. కాని ఇక్కడ జీడితోటలో ఒక్కణ్ణీ పడుకున్నప్పుడు సికింద్రాబాదులో నాకో గది ఉంది అనుకుంటాను. ఇప్పుడక్కడ కుర్రోళ్లు కూర్చుని కంప్యూటర్లు నొక్కుతారు.

ఆ గోడ జోలికి పోవద్దని మీ నాన్నతో చెప్పు. ఎందుకని అడగొద్దను. పెద్దవాణ్ణి, వద్దన్నాను, అంతే.

జీడిపిక్కల మాటలు చెప్పే ఓపిక ఇవాళ లేదు.

పోలరాజు


బన్సీలాల్‌పేట్
ఏప్రిల్ 14

పెద్దనాన్నా,

నన్ను క్షమించండి. సంతోషంలో రాశాను. సంతోషంలో రాసిన ఉత్తరం అవతలివాళ్లను ఇంతగా నొప్పిస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మన ఇంట్లో ఉత్తరాన్ని విప్పిన చోటే గట్టిగా చదవాలి కదా. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. ముందే ఒకసారి చూసుకుని ఉంటే ఆ ముక్కలు దాటేసేదాన్నేమో. సగం చదివి ఆపేశాను. "ఆపావేం? చదువు" అన్నారు నాన్న. చదివాను.

"ఎందుకని అడగొద్దా? నాకేమన్నా పదేళ్లా?" అన్నారు.

"పెద్దవారండీ. ఒకసారి తుని వెళ్లి మాట్లాడి రండి" అంది అమ్మ.

"మాట్లాడ్డానికి ఆయనకి వినపడదు కదా సీతారత్నం. ఆయన చెప్పడం, మనం వినడం. పుట్టినప్పటి నుంచీ అదేగా."

కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. మర్నాడు పొద్దున్నే గుమ్మం చెక్క పీకి గోడ మొదలుపెట్టారు.

ఆ మిషన్ దగ్గర నిలబడటం ఎలా ఉంటుందో చెప్పలేను. ముందు గోడ మీది సున్నం రాలుతుంది, తర్వాత ఇటుకలు ఒక్కొక్కటే పళ్లూడినట్టు ఊడతాయి. మిషన్ తొందరగా వేడెక్కుతుంది. అప్పుడు దాన్ని తడి గోనె మీద పడుకోబెట్టి, చల్లబడేదాకా నాన్న పక్కనే కూర్చుంటారు. వీధిలో బల్బులన్నీ నీరసపడతాయి. జంగయ్య బాబాయి కిటికీలోంచి, "అన్నా, జెర ఆపరాదే! సీరియల్ల ఆమె ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలుస్తలేదు!" అని అరుస్తాడు. అన్నంలో, నీళ్లలో, నా పుస్తకాల్లో ఇటుక పొడి.

పెద్దనాన్నా, గది సంగతి కాకుండా ఇంకేమైనా కారణం ఉందా? "లోపల దూలం ఉంటుంది, గోడ ఉత్త అడ్డం" అంటున్నారు నాన్న. నాకెందుకో ఇటుక రాలినప్పుడల్లా పైకి చూడాలనిపిస్తోంది. ఆ గోడ మీద ఏముంది? ఈసారి ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను. వెంటనే రాయండి.

లోవ


తుని
ఏప్రిల్ 20

లోవమ్మా,

మొన్న కోపంలో రాసేను. అసలు సంగతి రాయలేదు. ఇది జాగ్రత్తగా చదివి మీ నాన్నకి వినిపించు.

ఆ గోడలో దూలం లేదు. ముందు గది స్లాబు పోసిన మూడేళ్లకి వెనక గది స్లాబు పోసేం. రెండూ వేరు వేరు స్లాబులు. రెండిటి అంచులూ వచ్చి ఆ నడిమి గోడ మీదే కూర్చున్నాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒకే పీట మీద కాళ్లు పెట్టుకున్నట్టు అనుకో. పీట లాగేస్తే ఇద్దరి కాళ్లూ కిందికే. కింద నుంచి సున్నం కొట్టేం, పైన గచ్చు పరిచేం, అందుకని ఆ అతుకు ఎక్కడా కనపడదు. మీ నాన్న అప్పుడు ఫ్యాక్టరీ ట్రైనింగుకని బెంగుళూరులో ఉన్నాడు. వచ్చేసరికి సున్నం కూడా ఆరిపోయింది. ముందు గది మీద నీళ్ల టాంకు కూడా ఉంది, మర్చిపోకు.

గోడ ఎంతవరకు తీసేడో అక్కడితో ఆపమను. మిగిలింది ముట్టుకోవద్దను.

నా గది మీద మనసుంటే నోరు విడిచి అడగమను. ఆ సంగతి గోడ మీద చూపించడం ఎందుకు?

పెద్దనాన్న


బన్సీలాల్‌పేట్
ఏప్రిల్ 26

పెద్దనాన్నా,

మీ ఉత్తరం అంతా చదివి వినిపించాను. పీట మీద కాళ్లు అన్నచోట నాన్న తల ఎత్తి పైకప్పు వైపు చూశారు. నమ్ముతున్నారనే అనుకున్నాను. అప్పుడు చివరి ముక్క వచ్చింది. అది కూడా చదివాను.

"చూశావా?" అన్నారు అమ్మతో. "మొన్నటి ఉత్తరంలో ఈ అతుకు ఏమైంది? మొన్న గది నాదన్నాడు. ఆ మాట చెల్లకపోయేసరికి ఇవాళ స్లాబు పడిపోతుందంటున్నాడు. రేపు ఇంకోటి రాస్తాడు."

"ఆయన అబద్ధం ఎందుకు రాస్తారండీ?"

"గది పోతుందని."

ఆ ఆఖరి రెండు వాక్యాలు లేకపోతే మీ ఉత్తరం ఇల్లు నిలబెట్టేది పెద్దనాన్నా. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నాకు ఏడుపొస్తోంది, అంతే.

డాబా ఎక్కి అతుకు కోసం వెతికాను. టాంకు పక్కన గచ్చులో సన్నటి గీత కనపడింది, వెంట్రుకంత. నాన్నను పిలుచుకొచ్చి చూపించాను. "ఎండకి ప్రతి డాబా గచ్చూ పగులుతుందమ్మా" అని నా తల నిమిరి దిగిపోయారు. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. తల నిమిరితే ఏం చెప్పను?

సగం గోడ పోయింది. అప్పుడు మిషన్ ఆగిపోయింది! మోటారు తిరుగుతోంది కానీ ఉలి కదలడం లేదు. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. నాన్నతో మళ్లీ రాణిగంజ్ వెళ్లాను.

"ఇంట్ల చిన్న చిన్న పనులకు సాబ్ ఇది. పొద్దుమాపు గిట్ల కొడితె యేడ తట్టుకుంటది?" అన్నాడు కొట్టతను.

"గ్యారంటీ అన్నావుగా?"

"దుకాణం ఈడనే ఉంటదన్న. ఉన్నది గద!"

మిషన్ మూలపడుతుందని, ఆ లోపు మీరిద్దరూ చల్లబడతారని అనుకున్నాను. కానీ నాన్న దాన్ని వసారాలో పాత చీర మీద విప్పి పరిచారు. లోపల ఒక పళ్ల చక్రం అరిగిపోయింది. "ఇనుము కాదిది, మైనం" అని తిట్టి, దాన్ని జేబులో వేసుకుని బొల్లారంలో సామ్యూల్ అంకుల్ లేత్ షెడ్డుకు వెళ్లారు. ఫ్యాక్టరీలో నాన్న పక్క మిషన్ ఆయనదే. అన్నం పట్టుకుని నేనూ వెళ్లాను. పెద్దనాన్నా, నాన్న పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు. ఉక్కు ముక్క తిరుగుతుంటే ఆయన వేలు దాని మీద ఆనీ ఆననట్టు ఉంచి, కళ్లు మూసుకుని, "ఇంకా వెంట్రుకవాసి ఉంది" అంటారు. సామ్యూల్ అంకుల్ కొలిచి చూసి, "వెంట్రుకవాసే రాజబాబూ" అని నవ్వుతారు. నాన్న ముఖం ఎంత వెలిగిపోయిందో రాయడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఇన్ని పోగేశాను కదా, ఒక్కటీ లేదు.

ఆ చక్రం బాగా రావాలని కోరుకున్నాను. రాకూడదని కూడా కోరుకున్నాను. రెండూ ఒకే నిమిషంలో.

దయచేసి మీరే నేరుగా నాన్నకు రాయండి. గది మాట ఎత్తకండి. ఒక్క స్లాబు సంగతే రాయండి. ఆయన పేరు మీదే రాయండి.

లోవ


తుని
మే 1

లోవమ్మా,

వాడికి నేను రాయను. తమ్ముడు అన్నకి రాయాలి గాని అన్న తమ్ముడికి ముందు రాయడం మన ఇంట్లో లేదు. మా నాన్నా పెద్దనాన్నా అలాగే ఆరేళ్లు మాట్లాడుకోలేదు. మంచిదని అనను. కాని నా చెయ్యి రాదు.

గోడ ఆపకపోతే కనీసం బాదులు పెట్టమను. స్లాబులు పోసేటప్పుడు కింద నిలబెడతారే, ఆ సరుగుడు కర్రలు. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర దొరుకుతాయి. గోడకి అటు వరస, ఇటు వరస, దగ్గర దగ్గరగా. అది నా మాట అని చెప్పకు. నీ మాటగా చెప్పు.

జీడిపిక్కల మాటలు అడిగేవు. చెట్టుకున్నది పిక్క. కాల్చింది పిక్క. ఒలిచేక పప్పు. మా దగ్గర అంతకన్నా మాటలు లేవు తల్లీ.

పెద్దనాన్న


బన్సీలాల్‌పేట్
మే 11

పెద్దనాన్నా,

ముందుగా, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కంగారు పడకుండా చదవండి.

బాదుల మాట నా మాటగానే చెప్పాను. "నీ తృప్తి కోసం" అని నాన్న కొన్ని తెచ్చి ముందు గది వైపు ఒక వరస నిలబెట్టారు. వెనక వైపు పెట్టలేదు. నాన్న చేసిన చక్రంతో మిషన్ కొత్తదానికన్నా బాగా పనిచేసింది. గోడ రెండు రోజుల్లో అయిపోవచ్చింది. శనివారం పొద్దున ఒక మూలన మిగిలిన ఆఖరి ముక్క కొడుతున్నారు. అది ఊడింది. నాన్న మీట వదిలారు. మిషన్ ఆగాక కూడా చప్పుడు ఆగలేదు.

పైనుంచి వస్తోంది ఆ చప్పుడు. పళ్లు నూరినట్టు. నాన్న నన్నూ అమ్మనూ వసారాలోకి నెట్టేశారు. ముందు గది స్లాబు అంచు మెల్లగా, మనం చూస్తుండగానే, జానెడు కిందికి దిగి మీ బాదుల మీద ఆగింది. ఒక బాదు విరిగింది. మిగిలినవి ఆపాయి. టాంకు ఒరిగి నీళ్లన్నీ పగులులోంచి గదిలోకి ధార కట్టాయి. పెళ్లిళ్లకు టెంట్లు అద్దెకిచ్చే జంగయ్య బాబాయి ఆ టెంటు కర్రలు భుజాన వేసుకుని వచ్చి, "జెర జరుగుండ్రి! లోపటికి ఎవ్వరు పోకుండ్రి!" అని అరుస్తూ ఆయనే లోపలికి పోయి వెనక స్లాబు కింద కర్రలు నిలబెట్టాడు. సాయంత్రం సదాశివ గారు వచ్చి, గుమ్మంలోంచే తొంగి చూసి, "ఈ కర్రల మధ్య కంప్యూటర్లు ఎక్కడ పెట్టను రాజబాబు గారూ?" అని వెళ్లిపోయారు. ఆయన సంగతి ఇప్పుడెవరికీ పట్టడం లేదు.

పక్క వీధి ఇంజనీరు ఏసురత్నం గారు చూశారు. అచ్చం మీరు రాసినట్టే చెప్పారు. రెండు స్లాబులు, ఒకే గోడ. వెనక స్లాబు అంచు కింద మళ్లీ గోడ లేపితే అది నిలబడుతుందట. ముందు గది స్లాబు ఇక పనికిరాదు, లోపలి కమ్మీలు వంగిపోయాయి. వానలు పడకముందే దాన్ని పైనుంచి పగలగొట్టి దింపేయాలి. అలాగే వదిలేస్తే అది పడేటప్పుడు వెనకదాన్ని కూడా లాక్కుపోతుంది. అంటే మొత్తం ఇల్లే.

మిషన్ ఉంది. చేసే మనిషి ఉన్నారు. కానీ నాన్న ముట్టుకోవడం లేదు.

"అది అన్నయ్య గది. గది కోసమే నేనిదంతా చేశానన్నాడు. ఇప్పుడు దాని పైకప్పు నా చేత్తో పగలగొడితే ఆ మాట నిజమైపోతుంది. కూలితే అందరం బయట పడుకుందాం. నేను ముట్టుకోను."

"మరి బావగారికి రాసి అడగండి" అంది అమ్మ.

"ఏ మొహం పెట్టుకుని రాయను?"

మళ్లీ బూట్లు తొడుక్కుని అరుగు మీద కూర్చుంటున్నారు. ఏసురత్నం గారు మనుషుల్ని పంపిస్తానంటే వద్దన్నారు. నిన్న సాయంత్రం చినుకులు పడ్డాయి. ముగ్గురం వసారాలో కూర్చుని ఆ గది వైపు చెవులు పెట్టుకుని విన్నాం. కర్రలు కిర్రుమంటున్నాయి. అమ్మ మిమ్మల్ని రమ్మని రాయమంది.

ముందు తమ్ముడే రాయాలని మీరు. ఏ మొహంతో రాయనని ఆయన. మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు రాసేదాన్ని నేనొక్కదాన్ని, నా మాట ఇద్దరిలో ఎవరి దగ్గరా చెల్లదు. ఇక నాకు రాయడం చేతకావడం లేదు పెద్దనాన్నా.

లోవ


తుని
మే 16

ఒరే రాజబాబూ,

నేనే ముందు రాస్తున్నాను. అన్నీ పక్కన పెట్టి విను.

ముందు గది స్లాబు పగలగొట్టెయ్యి. అది నా గదే, నేనే చెప్తున్నాను. ఎందుకో కూడా చెప్తాను. అది నిలబడి ఉంటే నీ గది నిలబడదు. నాకు ఏడాదికి పది రోజుల గది. నీకు పెళ్లాం, పిల్ల ఉన్న గది. ఇందులో ఆలోచించేదేం లేదు. మొదటి ఉత్తరంలోనే ఇలా రాయాల్సింది.

ఎలా చెయ్యాలో రాస్తున్నాను. ముందు టాంకు, పిట్టగోడ దింపించు. కింద బాదులు రెట్టింపు చెయ్యి, గది నిండా పెట్టు. కింద మనిషన్నవాడు ఉండకూడదు. పైన నువ్వు ఎప్పుడూ వీధి గోడ వైపే ఉండు. అది గట్టిది, పునాది నేను దగ్గరుండి వేయించేను. కిందికి దిగిన అంచు దగ్గర మొదలుపెట్టి నీ వైపుకి కొట్టుకుంటూ రా. చారలు చారలుగా తియ్యి. కాంక్రీటు రాలిపోయేక కమ్మీలు కొయ్యి, కమ్మీలతో పాటు ముక్కని లాగకు. ఆ అతుకు మీద మాత్రం కాలు పెట్టకు. నడుముకి తాడు కట్టుకో. తాడు రెండో కొస జంగయ్యకి ఇయ్యి, అతను వదలడు. మిషన్ వేడెక్కితే ఆగు. వేడెక్కకపోయినా నీకు ఆయాసం వస్తే ఆగు.

చక్రం నువ్వే కోసేవని లోవ రాసింది. వెంట్రుకవాసి తేడా వేలితో కనిపెట్టేవట. నాకు చాలా సంతోషమైంది.

నన్ను రమ్మని సీతారత్నం రాయించింది. నేను రాను. నేను ఎదురుగా నిలబడితే నీ చెయ్యి ఆడదు. నాకు ఆ చప్పుడు వినపడదు గాని, గది పోవడం కళ్లతో చూస్తాను కదా. నేను లేనప్పుడే కానిచ్చెయ్యి.

అన్నయ్య